పార్టీలతో విసిగిన ఓటరు: మార్పు ఎటు నుంచి వస్తుంది?

(వావిలాల గోపాలకృష్ణయ్య స్మారకోపన్యాసం)



వావిలాల గారి పేరిట మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు విషయం కోసం వెతుక్కోవలసిన అవసరం నాకు కలగలేదు. సత్తెనపల్లి ప్రజలు ఆయన్ని నాలుగుసార్లు శాసనసభకు పంపారు. పార్టీ అండ లేకుండా స్వతంత్రుడిగా నిలబడి కూడా ఆయన గెలిచారు. నాగార్జునసాగర్ కోసం, మద్యనిషేధం కోసం, గ్రంథాలయాల కోసం జీవితాంతం తిరిగారు. అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులయ్యారు. 2003లో కన్నుమూసేదాకా ఖద్దరు విడవలేదు, మాట మార్చలేదు. అలాంటి మనిషి ఇవాళ ఎన్నికల్లో నిలబడితే గెలుస్తాడా? ఈ రోజు నా ప్రసంగమంతా ఈ ప్రశ్న చుట్టూనే.

ఆయన కాలంలో స్వతంత్రులు గెలవడం వింత కాదు. 1967లో 287 స్థానాలున్న ఆంధ్రప్రదేశ్ శాసనసభకు అరవై మందికి పైగా స్వతంత్రులు ఎన్నికయ్యారు. వాళ్లందరూ వావిలాల లాంటివారని నేను అనను. ఊరి మోతుబరులు, కాంగ్రెస్‌లో టికెట్ దొరక్క అలిగి నిలబడ్డవాళ్లు వారిలో చాలామంది. అయినా పార్టీ వద్దన్న మనిషిని ఓటరు కావాలనుకుంటే సభకు పంపగలిగిన రోజులవి. ఇప్పటి లెక్క చూడండి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలూ మూడు పార్టీలకే పోయాయి: వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151, తెలుగుదేశానికి 23, జనసేనకు ఒకటి. 2024లో తెలుగుదేశం 135, జనసేన 21, వైఎస్సార్ కాంగ్రెస్ 11, బీజేపీ 8. తెలంగాణలో 2023లో కాంగ్రెస్ 64, బీఆర్ఎస్ 39, బీజేపీ 8, మజ్లిస్ 7, సీపీఐ ఒకటి. ఈ మూడు సభల్లో స్వతంత్ర సభ్యుడు ఒక్కడూ లేడు.

దీన్ని చూసి ఓటరుకు పార్టీలంటే ఇష్టం పెరిగిందని ఎవరూ అనలేరు. ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినిపించే మాట ఒకటే: ఎవడొచ్చినా ఇంతే. ఆ మాట అన్న మనిషే పోలింగ్ నాడు పొద్దున్నే లేచి వరుసలో నిలబడతాడు. మన ఓటరు విసుగులో ప్రత్యేకత ఇక్కడే ఉంది. పడమటి దేశాల్లో పార్టీల మీద నమ్మకం పోయినచోట చాలామంది ఓటు వేయడమే మానేశారు. మనవాళ్లు మానలేదు. 2024 మే 13 పోలింగ్‌కు ముందు రెండు రోజులు హైదరాబాదు–విజయవాడ రహదారి మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన వాహనాలు మీకు గుర్తుండే ఉంటాయి. రైళ్లలో, బస్సుల్లో చోటు లేదు. అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటేదాకా వరుసలు కరగలేదు.

అదే రోజు అదే హైదరాబాదులో లోక్‌సభకు పోలింగ్ జరిగితే ఓటర్లలో సగంమంది కూడా బూత్‌కు రాలేదు. ఊరికి వెళ్లినవాళ్ల ఓట్లు తీసేసి లెక్కవేసినా ఈ లోటు పూడదు. రాజకీయాల గురించి అందరికన్నా ఎక్కువ మాట్లాడే, ప్రభుత్వాన్ని అందరికన్నా ఎక్కువ తిట్టే నగర మధ్యతరగతి ఇంట్లో కూర్చుంటోంది. పల్లెలో కూలికి వెళ్లే మనిషి ఆ రోజు కూలి వదులుకుని ఓటు వేస్తున్నాడు. నిరాశ గురించి మాట్లాడే హక్కు వీరిలో ఎవరికి ఎక్కువుందో మీరే చెప్పండి.

మరి ఇంత కష్టపడి వేసిన ఓటు ఏమవుతోంది? మూడు ఎన్నికల అంకెలు పక్కపక్కన పెట్టి చూద్దాం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39 శాతం చిల్లర ఓట్లు వచ్చాయి, 175లో 23 స్థానాలు దక్కాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా 39 శాతం చిల్లరే వచ్చింది, దక్కినవి 11. మధ్యలో 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కు వచ్చినవీ 39 శాతం చిల్లరే, దానితో 119లో 64 స్థానాలు గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఇంచుమించు ఒకే నిష్పత్తి ఓట్లు ఒకచోట అధికారం ఇచ్చాయి, రెండుచోట్ల పార్టీని నేల మీద కూర్చోబెట్టాయి. ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదే గెలుపు, తక్కినవన్నీ లెక్కలోకి రావు అనే మన పద్ధతి చేసే పని ఇది. ఫలితాల రోజు రాత్రి టీవీల్లో ప్రజలు మనసు మొత్తం మార్చుకున్నారని చెబుతారు. నిజానికి ప్రతి పది మందిలో ఒక్కరు అటు నుంచి ఇటు వస్తే సభ తలకిందులవుతోంది.

ఈ పద్ధతిలో ఇంకో నష్టం ఉంది. మూడో మనిషి ఎంత మంచివాడైనా గెలవడనుకుంటే అతనికి వేసిన ఓటు వృథా అని ఓటరు భయపడతాడు. తనకు ఇష్టమైనవాణ్ణి వదిలి, తనకు కోపమున్నవాణ్ణి ఓడించగలవాడెవడో వెతుక్కుంటాడు. అధికారంలో ఉన్న పార్టీ మీద విసుగంతా ప్రధాన ప్రతిపక్షం ఖాతాలో పడుతుంది, అయిదేళ్ల తర్వాత తిరిగి వస్తుంది. ఈ రెండింటి మధ్యే ఊగిసలాట.

అంతకన్నా ఓటరును బాధపెట్టేది ఫిరాయింపు. దీని దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే తెలుగు రాష్ట్రాల్లో ఓటుకు జరిగిన అవమానాల్లో ఇంత పెద్దది మరొకటి లేదు. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన 23 మంది ఆ తర్వాత అధికార తెలుగుదేశంలోకి వెళ్లారు. వారిలో నలుగురు 2017లో మంత్రులు కూడా అయ్యారు. 2019 తర్వాత తెలుగుదేశం నుంచి, జనసేన నుంచి గెలిచినవాళ్లలో కొందరు వైఎస్సార్ కాంగ్రెస్ పక్షాన నిలబడ్డారు. తెలంగాణలో 2018లో కాంగ్రెస్ 19 చోట్ల గెలిస్తే, 2019 జూన్‌లో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమైపోయారు. 2023లో కాంగ్రెస్ గెలిచాక బీఆర్ఎస్ నుంచి పది మంది ఆ వైపు నడిచారు. ఆ పది మంది సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న కోర్టు స్పీకరుకు చెప్పవలసి వచ్చింది. ఎవరు అధికారంలో ఉంటే వారు చేశారు, పోగొట్టుకున్నవారు ప్రజాస్వామ్యం ఖూనీ అయిందన్నారు, మళ్లీ తమ వంతు వచ్చినప్పుడు అదే చేశారు.

1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. 2003లో దాన్ని ఇంకా బిగించారు. చట్టం ఉండగానే ఇదంతా జరుగుతోందంటే కారణం స్పష్టం: అనర్హత తేల్చే అధికారం స్పీకరుకు ఇచ్చారు, ఎన్నాళ్లలో తేల్చాలో చట్టంలో రాయలేదు. స్పీకరు ఎప్పుడూ అధికార పక్షం మనిషే. అర్జీ ఆయన బల్ల మీద పడి ఉండగానే సభ కాలం తీరిపోతుంది. నేను ఒక గుర్తు చూసి ఓటేశాను, నా సభ్యుడు వేరే కండువా కప్పుకుని నా ఊరికే వచ్చి అభివృద్ధి కోసం మారానంటాడు. ఎవడొచ్చినా ఇంతే అన్న మాట ఆ ఓటరు నోటి నుంచి రాక ఇంకేం వస్తుంది? అతన్ని నిరాశావాది అని తప్పుపట్టడం అన్యాయం. అతను జరిగినదే చెబుతున్నాడు.

ఈ జబ్బు మొదలయ్యే చోటు పార్టీ ఇల్లే. మన పార్టీల్లో సభ్యత్వ కార్డులు లక్షల్లో ఉంటాయి. ఆ కార్డు ఉన్నవాడు తన నియోజకవర్గ అభ్యర్థిని ఎంచుకోవడానికి ఒక్కసారైనా ఓటేశాడా? బీఫారం పై నుంచి వస్తుంది. ప్రాంతీయ పార్టీల్లో ఆ పై అంటే ఒక ఇల్లు, జాతీయ పార్టీల్లో ఢిల్లీ. 2022లో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీ తన నాయకుణ్ణి జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకుంటే, శాశ్వత అధ్యక్ష పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పింది. ఆ పార్టీ దాన్ని నోటితో చెప్పింది, అంతే తేడా. తక్కినవి చెప్పకుండా పాటిస్తున్నాయి. టికెట్ ఇచ్చినవాడికి జవాబుదారీ అయిన సభ్యుడు ఓటు వేసినవాడికి జవాబుదారీగా ఉండడు. అధికారం ఎటు పోతే అటు పోవడం అతనికి తప్పనిపించదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను, మీకు తెలియనిది కాదు. శాసనసభ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదని నియమం. 2021లో హుజూరాబాద్ ఉపఎన్నికలో కొన్ని ఊళ్లలో మాకు కవర్లు అందలేదని ఓటర్లు రోడ్డెక్కారు. ఆ దృశ్యాలు చూసి నవ్వినవాళ్లున్నారు. నాకు నవ్వు రాలేదు. అయిదేళ్లపాటు మళ్లీ తన ముఖం చూడడని తెలిసినవాడి దగ్గర ఆ ఒక్క రోజున దొరికినంత తీసుకోవాలనుకునే పరిస్థితికి ఓటరును తెచ్చింది ఎవరు? ఇక పార్టీల డబ్బు. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్లను కొట్టేశాక లెక్కలు బయటపడ్డాయి. ఒక్క బీఆర్ఎస్‌కే 1,200 కోట్లకు పైగా వచ్చాయి. వైఎస్సార్ కాంగ్రెస్‌కు, తెలుగుదేశానికి వందల కోట్లు వచ్చాయి. ఢిల్లీ పార్టీలతో పోల్చుకుని మాది మట్టి పార్టీ అని చెప్పుకునేవారికి కూడా ఈ డబ్బు మట్టిలో మొలవలేదు.

అయితే కొత్త పార్టీ పెడితే? తెలుగువాళ్లు ఈ ప్రయోగం చేయని రోజు లేదు. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం పెట్టారు. 1978 నుంచి 1982 దాకా కాంగ్రెస్ అధిష్ఠానం చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి అంటూ నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చింది. మన ముఖ్యమంత్రిని ఎవరో మార్చడమేమిటన్న కోపం ఊరూరా ఉంది. తొమ్మిది నెలల్లో, 1983 జనవరిలో, ఆ పార్టీ రెండు వందలకు పైగా స్థానాలు గెలిచింది. రాష్ట్రం పుట్టిన 1956 నుంచి పాలిస్తూ వచ్చిన కాంగ్రెస్ ఓడింది. రాజకీయం ముఖం చూడని వకీళ్లు, డాక్టర్లు, కుర్ర పట్టభద్రులు సభలో కూర్చున్నారు. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 1984లో కరణం మునసబుల వ్యవస్థ రద్దయింది. ఊళ్లో తరాల పెత్తనం ఒక్క దెబ్బతో కదిలింది. ఓటు వల్ల ఏం జరుగుతుందని అడిగే కుర్రవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

కానీ ఆ పార్టీ ఒక మనిషి చుట్టూ కట్టిన పార్టీ. 1994 డిసెంబరులో రామారావు పేరు మీద భారీగా గెలిచిన సభ్యులు 1995 ఆగస్టులో నాయకుణ్ణి మార్చినప్పుడు ఆ తగాదా హైదరాబాదులో ఒక హోటల్లో తేలింది. జెండా మోసిన కార్యకర్తను ఎవరూ అడగలేదు. రామారావు చేసిన మార్పు పాలనలో నిలిచింది, పార్టీ మాత్రం తాను ఓడించిన పార్టీ దారినే పట్టింది.

2008 ఆగస్టులో తిరుపతిలో ప్రజారాజ్యం పుట్టింది. 2009లో దానికి ఇంచుమించు ఆరో వంతు ఓట్లు వచ్చాయి, స్థానాలు మాత్రం 18. రెండేళ్లు తిరగకముందే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆ పార్టీకి ఓటేసిన లక్షలమంది యువకుల్ని ఎవరు ఓదార్చారు? వాళ్లు మొదటిసారి ఓటేసింది మార్పుకే. ఆ తరం నమ్మకానికి తగిలిన దెబ్బ ఏ ఓటమి కన్నా పెద్దదని నేననుకుంటాను.

లోక్‌సత్తా కథ వేరు. 1996 నుంచి ఉద్యమంగా పనిచేసింది, 2006 అక్టోబరు 2న పార్టీ అయింది. 2009లో కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్ ఒక్కరే గెలిచారు. 2016లో ఎన్నికల రాజకీయాల నుంచి తప్పుకుంది. డబ్బు పంచం, కులం అడగం అన్నవాళ్లకు వచ్చిన ఫలితం అది. కానీ దీన్ని ఓటమి అని ముగించడం సరికాదు. అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, తన మీదున్న కేసులు అఫిడవిట్‌లో రాయవలసిన పద్ధతి 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పులతో వచ్చింది. ఆ పోరాటంలో, సమాచార హక్కు కోసం జరిగిన పోరాటంలో ఇలాంటి పౌరసంస్థల చెమట ఉంది. పార్టీగా ఒక్క సీటు తెచ్చుకున్నవాళ్లు, పార్టీ కాకముందు ప్రతి అభ్యర్థి మెడ మీదా ఒక కాగితం పెట్టగలిగారు.

నా అసలు వాదన ఇక్కడి నుంచే. తెలుగు నేల మీద పార్టీలను నిజంగా కదిలించింది పార్టీలు పెట్టుకున్న అజెండా కాదు, జనం తమంతట తాము రాసుకున్న అజెండా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి కాంగ్రెస్ ప్రభుత్వం సారా నిషేధించింది. 1995లో రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. రెండు పార్టీలూ వాళ్ల వెనక నడిచాయి. 1997లో నిషేధం సడలిందన్నది నిజమే. ఎందుకు సడలింది? ఖజానా లెక్క ఒక కారణం. ఊళ్లలో ఆ ఆడవాళ్ల సంఘాలు అప్పటికి ఆ పట్టు మీద లేకపోవడం ఇంకో కారణం.

1996లో నల్లగొండ. ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన ఊళ్లు. కృష్ణా నీళ్ల కోసం జలసాధన సమితి పిలుపుతో లోక్‌సభ స్థానానికి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. గెలవడానికి కాదు, దేశం తమ వైపు చూడడానికి. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. దేశం చూసింది. ఢిల్లీ ఏం చేసింది? అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది, స్వతంత్ర అభ్యర్థిని పది మంది ప్రతిపాదించాలంది. నీళ్లడిగిన ఊళ్లకు వ్యవస్థ ముందుగా ఇచ్చిన జవాబు నామినేషన్ రుసుము. మంచినీళ్లు ఇంటింటికీ చేరడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది. అయినా ఆ 480 మంది పేర్లు బ్యాలెట్ మీదికి ఎక్కకపోతే ఫ్లోరైడు ప్రతి పార్టీ మేనిఫెస్టోలోకి ఎక్కేది కాదు.

2019లో నిజామాబాద్ రైతులు ఆ దారే పట్టారు. పసుపు బోర్డు కావాలి, పసుపుకు, ఎర్రజొన్నకు మద్దతు ధర కావాలి. మొత్తం 185 మంది అభ్యర్థులు, వారిలో 170 మందికి పైగా రైతులు. బూత్‌లో యంత్రం పక్కన యంత్రం వరుసగా పేర్చవలసి వచ్చింది. సిట్టింగ్ ఎంపీ, అప్పటి ముఖ్యమంత్రి కుమార్తె ఓడిపోయారు. బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన అభ్యర్థి గెలిచారు. బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో వచ్చింది, 2025 జనవరిలో నిజామాబాద్‌లో ప్రారంభమైంది. రైతుల్లో ఒక్కరికీ డిపాజిట్ దక్కలేదు. కానీ వాళ్లు అడిగింది వచ్చింది. ధర సంగతి ఇంకా తేలలేదు, అది వేరే పోరాటం.

వీటితో పోలిస్తే నోటా బలహీనమైన ఆయుధం. 2013 సెప్టెంబరు 27 తీర్పుతో వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో నోటాకు 1.28 శాతం ఓట్లొచ్చాయి, కాంగ్రెస్‌కు 1.17, బీజేపీకి 0.84. రెండు జాతీయ పార్టీల కన్నా యంత్రం మీది ‘ఎవరూ వద్దు’ మీట ఎక్కువ ఓట్లు తెచ్చుకుంది. ఫలితంలో మాత్రం దానికి విలువ లేదు. 2024లో ఇందౌర్‌లో రెండు లక్షలమందికి పైగా నోటా నొక్కినా గెలిచినవారి గెలుపుకు ఏమీ కాలేదు. వద్దని చెప్పడానికి అది చాలు, ఏం కావాలో చెప్పడానికి చాలదు. నల్లగొండవాళ్లు, నిజామాబాద్‌వాళ్లు కావలసింది చెప్పారు.

చట్టంలో మారవలసినవి ఉన్నాయి. ఫిరాయింపు అర్జీ తేల్చే పని స్పీకరు చేతి నుంచి తీసి, గడువుతో సహా వేరే సంస్థకు ఇవ్వాలి. వచ్చిన ఓట్లను బట్టి కొన్ని స్థానాలు పార్టీలకు దక్కే పద్ధతిని 1999లోనే లా కమిషన్ తన 170వ నివేదికలో సిఫారసు చేసింది, దాని దుమ్ము దులపాలి. పార్టీ లోపల రహస్య ఓటుతో ఎన్నికలు జరిపితేనే గుర్తింపు ఇవ్వాలి. వీటిని చేయవలసినవాళ్లు వీటివల్ల నష్టపోయేవాళ్లే కనుక త్వరగా జరుగుతాయని నేను మీకు ఆశ పెట్టను.

త్వరగా జరగగలిగేది ఊళ్లో ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. పార్టీ వద్దనుకున్న మనిషి పార్టీ గుర్తులతో పోటీ లేకుండా నిలబడడానికి చట్టం తెరిచి ఉంచిన తలుపు అదొక్కటే. అందుకేనేమో దాన్ని మూయడానికి అందరూ చూస్తారు. ఒక ప్రభుత్వం ఎన్నికలు వాయిదా వేస్తుంది. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుకు ముగిస్తే 2025 డిసెంబరు దాకా కొత్తవాళ్లు రాలేదు. ఇంకోచోట బెదిరించి ఏకగ్రీవం చేయిస్తారు. మరోచోట సర్పంచ్ పదవికి గుడి ముందు వేలంపాట పెడతారు. ఆ వేలంలో పోయేది ఒక వావిలాల పుట్టగలిగిన చోటు. ఆయన నాలుగుసార్లు గెలవడానికి కారణం సత్తెనపల్లి మనుషులకు ఆయన నడవడి తెలియడం. శాసనసభ స్థాయిలో ఆ పరిచయాన్ని ఇవాళ డబ్బు మింగేసింది. ఊళ్లో, వార్డులో ఇంకా మింగలేదు.

కనుక మీకు నా విన్నపాలు ఇవి. మీ ఊళ్లో ఎన్నిక వచ్చినప్పుడు ఏకగ్రీవానికి, వేలానికి ఒప్పుకోకండి. మంచి పేరున్న ఒక్క మనిషినైనా వార్డు సభ్యుడిగా నిలబెట్టి కవరు లేకుండా గెలిపించండి. గ్రామసభ పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని కాగితం రాసి అడగండి. హైదరాబాదులో ఉండే మిత్రులు పోలింగ్ రోజు ఇల్లు కదిలి బూత్‌కు వెళ్లండి. కండువా మార్చిన శాసనసభ్యుడు ఏ పార్టీవాడైనా, అతను మీకు నచ్చిన పార్టీలోకే వచ్చినా సరే, రాజీనామా చేసి మళ్లీ ఓటు అడగమని ముఖం మీద చెప్పండి. పార్టీల్లో ఉన్న మిత్రులు మీ తరువాతి అభ్యర్థిని ఎంచే ఓటు మాకివ్వండి అని మీ నాయకుణ్ణి అడగండి. సెలవు.